విమల గారు నాచేత గీయించిన చార్టు

కిందటి నెల మా ఆసుపత్రిలోనే నా కళ్ళు చూపించుకున్నాను. నలభై దాటాయి, దగ్గరి అక్షరాలు ఆనడం లేదు. కొత్తగా చేరిన డాక్టరమ్మ నా కళ్ళలో చుక్కల మందు వేసింది. రెండు నిమిషాలకు ఆ చేదు గొంతులోకి దిగింది. ఇన్నేళ్ళుగా ఎందరికో నేనే ఆ చుక్కలు వేశాను గానీ, నాకు ఆ చేదు తెలియడం అదే మొదలు. కళ్ళు మూసుకుని బెంచీ మీద కూర్చుంటే డాక్టర్ విమల గారు గుర్తొచ్చారు. ఐదేళ్ళ పిల్లకైనా ఆవిడ చెప్పకుండా చుక్క వేసేవారు కాదు. "చురుక్కుమంటుంది. తర్వాత గొంతులో చేదుగా ఉంటుంది. కాసేపు అన్నీ అలుక్కుపోయినట్టు కనబడతాయి" అని ముందే చెప్పి, పిల్ల సరేనన్నాకే సీసా మూత తీసేవారు.

ఆవిడ పిల్లల కంటి వైద్యురాలు. వంశంలో నడిచే రెటీనా జబ్బుల మీద పరిశోధన చేసేవారు. కంటి వెనక గోడకు అంటుకుని ఉండే పలుచని పొర రెటీనా. కొన్ని కుటుంబాల్లో చిన్నతనం నుంచే ఆ పొర కొద్దికొద్దిగా చచ్చిపోతూ ఉంటుంది. ముందు రేచీకటి వస్తుంది, తర్వాత పక్కల చూపు తగ్గుతుంది, చివరికి గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యలో కాస్త మిగులుతుంది. ఆ ఇళ్ళను వెతుక్కుంటూ ఆవిడ దివిసీమంతా తిరిగేవారు. వంశం చార్టు గీసి, రక్తం తీసి హైదరాబాదు ల్యాబుకు పంపేవారు. ఎన్నో ఏళ్ళకు నాగాయలంక వైపు కొన్ని కుటుంబాల జన్యువుల్లో కారణం దొరికింది. ఆ రోజు నేను సంబరపడబోతే, "పెద్ద పుస్తకంలో ఒక్క అక్షరం తప్పు పడింది సుజాతా. ఏ పేజీలో ఉందో తెలిసింది, అంతే. దిద్దడం నాకు రాదు" అన్నారు.

బందరులో ఒక మేడ మీద వాటాలో ఒక్కరే ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చిలో చివరి బెంచీలో కూర్చుని, ప్రార్థన అయిపోగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయేవారట. మాది పెడన. చూపు పరీక్షలు చేసే ఆప్టోమెట్రీ కోర్సు చదివి ఆవిడ దగ్గర చేరేనాటికి నాకు ఇరవై రెండు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల దగ్గర క్యారియర్లు విప్పుకునేవాళ్ళం. ఆవిడ క్యారియరులో రోజూ పెరుగన్నమూ, ఏదో ఒక పచ్చడీ ఉండేవి. ఒక్కరి కోసం కూర వండుకోబుద్ధి కాదని ఒకసారి అన్నారు.

చార్టులు గీయడం నాకు ఆవిడే నేర్పారు. ఆడవాళ్ళకు వృత్తం, మగవాళ్ళకు చదరం, మేనరికానికి జంట గీతలు, చూపు పోయినవాళ్ళకు నల్లగా నింపడం. గీత సులువే, నింపడమే కష్టం. ఆడపిల్లలకు సంబంధాలు రావని జనం దాచేవారు. కోడూరు దగ్గర ఒక ఊళ్ళో, ఏడేళ్ళ కూతురికి జబ్బు ఉందని తెలిసిన తల్లి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకు జాలేసి, త్వరలో మందు వచ్చేస్తుందండీ అనేశాను. జీపు పులిగడ్డ వంతెన దాకా వచ్చాక, ఆ తల్లితో ఏం మాట్లాడావని మేడమ్ అడిగారు. చెప్పాను. జీపు వెనక్కి తిప్పించారు. "ఆ మాట నువ్వే అన్నావు, నువ్వే వెళ్ళి వెనక్కి తీసుకో" అన్నారు. ఆ తల్లి ఎదుట నిలబడి, వస్తుందో రాదో మాకు తెలియదండీ అని చెప్పడానికి నాకు పట్టిన ఆ రెండు నిమిషాలు ఇప్పటికీ మరిచిపోలేదు.

మూడో ఏడు నాకు పెళ్ళి కుదిరింది. వరుడు గుడివాడలో మా మేనమామ కొడుకు, శేఖర్ బావ. అక్కడే జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. చిన్నప్పటి నుంచీ అనుకున్నదే. నేను స్వీటు డబ్బా తీసుకెళ్ళి మేడమ్‌కు ఇచ్చాను. ఆవిడ ఒక ముక్క తిని, అబ్బాయి ఏమవుతాడని అడిగారు. చెప్పాను. తెల్ల కాగితమూ పెన్సిలూ నా ముందుకు జరిపారు.

"నీ చార్టు ఎప్పుడైనా గీసుకున్నావా?"

నవ్వుతూనే మొదలుపెట్టాను. నేను, బావ, మా అమ్మ, మావయ్య, వాళ్ళిద్దరి పైన అమ్మమ్మ. అమ్మమ్మ వృత్తాన్ని తెల్లగానే వదిలేసి పెన్సిలు కింద పెట్టాను. అప్పుడు నాకే గుర్తు రావడం మొదలైంది. మా అమ్మమ్మ పుట్టిల్లు నాగాయలంక. దీపాలు పెట్టే వేళకు నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచేది. ఎండలో నాట్లు వేసీ వేసీ కళ్ళు పోయాయని ఇంట్లో అనేవారు. అమ్మమ్మలందరూ అలాగే నడుస్తారని నేను అనుకునేదాన్ని.

"ఎన్నో ఏట నుంచి?" అన్నారు మేడమ్.

"నేను పుట్టకముందు నుంచేనండీ" అని, పెన్సిలు తీసుకుని నేనే ఆ వృత్తం నింపాను.

బావ మారుమాట లేకుండా రైల్లో వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళాడు. ఫలితం వచ్చేసరికి మూడు నెలలు పట్టింది. ఆ తప్పు అక్షరం మా ఇద్దరిలోనూ ఉంది. మేడమ్ మమ్మల్ని బల్లకు అవతల కూర్చోబెట్టి తిన్నగా చెప్పారు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ అందితేనే జబ్బు వస్తుంది కాబట్టి మా చూపులకు ఏమీ కాదు. పెళ్ళి చేసుకుంటే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. చేసుకోవద్దని అనలేదు, చేసుకోమనీ అనలేదు. నేను ఏడుస్తూ, మీరైతే ఏం చేస్తారండీ అని అడిగాను.

"అది నేను చెప్పకూడదమ్మా" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

స్టేషన్లో రైలు కోసం చూస్తూ బావ, పిల్లలు వద్దనుకుందాం, పెళ్ళి చేసుకుందాం అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. కాలేజీ పిల్లల్ని కూడా పేరుపేరునా పలకరిస్తూ వెంట తిప్పుకునే మనిషి. పదేళ్ళు పోయాక ఆ మాటకు బాధపడతాడేమో, పడినా నాకు కనబడనీయడేమో అని భయం వేసింది. వద్దు బావా అన్నాను. రెండేళ్ళు ఆగి, ఉయ్యూరు సంబంధం చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ చూపు చక్కగా ఉంది. మావయ్య మా అమ్మతో మాటలు మానేశాడు. మా అమ్మ తప్పంతా మేడమ్ మీద వేసింది. "కళ్ళు చూడమంటే సంబంధం చెడగొట్టింది" అనేది. నాకు తర్వాత వచ్చిన సంబంధాలేవీ మనసుకు పట్టలేదు. కొన్నాళ్ళకు రావడమూ మానేశాయి.

ఏడాది పాటు నేను క్యారియరు వేరే గదిలో విప్పుకున్నాను. మేడమ్ పిలవలేదు. పని మాటలు తప్ప మా మధ్య మాటల్లేవు. ఒక మధ్యాహ్నం వాన పడుతుండగా ఫైలు ఇవ్వడానికి వెళ్తే, ఆవిడ బల్ల దగ్గర ఒంటరిగా పెరుగన్నం తింటున్నారు. అవతలి కుర్చీ మీద కాగితాలేవీ పెట్టకుండా, అలాగే ఖాళీగా ఉంచారు. ఉండబట్టలేక అడిగాను. నాకు అలా చెప్పినందుకు మీకెప్పుడూ బాధ అనిపించలేదా అని.

ఆవిడ చెయ్యి ఆగింది. "చెప్పినందుకు లేదు. ఆ రోజు నువ్వు ఏడుస్తుంటే నేను బల్లకు ఇవతలే కూర్చుండిపోయాను. లేచి వచ్చి నీ పక్కన కూర్చోవాల్సింది. నాకు చేతకాలేదు."

ఆ కుర్చీలో కూర్చున్నాను. మర్నాటి నుంచి ఆవిడ కోసం కూర కూడా తెచ్చేదాన్ని.

మేడమ్ రెండేళ్ళ క్రితం పోయారు. సమాధి దగ్గర బంధువుల కన్నా దివిసీమ నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. నాగాయలంక నుంచి వచ్చిన ఒక పాతికేళ్ళ అమ్మాయి, తమ్ముడి మోచెయ్యి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. బడిలో పాఠాలు చెబుతోందట. "పదేళ్ళప్పుడు మేడమ్ గారే నాతో చెప్పారండీ, చూడాలనుకున్నవి బాగా చూసి పెట్టుకోమని. అమ్మ మొహం, కృష్ణా నది, మా ఇంటి గోడ మీద బల్లి కూడా చూసి పెట్టుకున్నాను. మేడమ్ గారి మొహం కూడానండీ" అంది.

ఇప్పుడు మేడమ్ గదిలో కుటుంబాలకు ఫలితాలు చెప్పే పని నాది. ఇంటికి వెళ్తే నా వంట కూడా ఒక్కరికే. ఆ రోజు నేను సరిగ్గా నిర్ణయించుకున్నానో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసని ఎవరితోనూ అనను. చెప్పాల్సింది తిన్నగా చెప్పేస్తాను. చెప్పి, లేచి బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, వాళ్ళ పక్కన కూర్చుంటాను. వాళ్ళు ఎంతసేపు ఏడిస్తే అంతసేపు.