నడవని ఆరు చుక్కలు

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. నాలో అసూయ పుట్టిన ఘడియ అది. నాతోపాటే అటవీ ఉద్యోగంలో చేరిన గద్వాల మిత్రుడు కార్యాలయపు గోడమీద ఉపగ్రహ చిత్రాలు రెండు వేసి చూపాడు. నవంబరుకూ జనవరికీ మధ్య ఆకుల కప్పు పలచబడిన చోటల్లా ఎర్ర చుక్క పెట్టాడు. నల్లమలలో నేను కాపలా కాసే బీటులో తొమ్మిది చుక్కలు. ఏరి ఏరి ఒక్కొక్క మంచి మానునే కొట్టుకుపోతే చుట్టూ ఉన్న చెట్లే దొంగను దాస్తాయి. ఆ సందులను పట్టడం అతని విద్య.

పై అధికారి నావైపు తిరిగాడు. "ఏందయ్యా, పంతొమ్మిదేండ్ల సంది తిరుగుతున్నవు. గీయన కుర్చీల కూసొనే పట్టిండు. నీ చెప్పులరిగినయి గానీ ఏం ఫాయిద?"

అందరూ నవ్వారు. మిత్రుడు మాత్రం, "అన్నకు తెల్వని చెట్టుంటదా సార్? చూసొచ్చి చెప్తడు," అన్నాడు. ఆ మర్యాద నన్ను మరింత మండించింది.

గురువారం, దారి తెలిసిన చెంచు పెద్దాయనతో బయలుదేరాను. మొదటి మూడు చుక్కల దగ్గర ఒక్క మొద్దూ లేదు. ఆకు రాల్చిన టేకు చెట్లు నిక్షేపంగా నిలబడి ఉన్నాయి. నా ఆనందానికి హద్దు లేదు. చూడని చెట్టును ఏనాడూ లెక్కలో వేయని నేను అక్కడే బండమీద కూర్చుని నివేదిక రాశాను: తొమ్మిది చోట్లా ఆకు రాలడమే, నరికివేత లేదు.

"ఇంక ఆరున్నయి గద సారూ?" అన్నాడు పెద్దాయన.

"అన్నీ గట్లనే ఉంటయి తాతా."

"చూడకుంటనే తెల్సిందా? అయితే నీక్కూడ ఆకాశంల కన్నున్నట్టే!"

నివేదిక చదివి మిత్రుడు చుక్కలన్నీ చెరిపి, "నాదే తప్పన్నా," అన్నాడు. అక్కడ వేయదలచిన గస్తీ మానుకున్నారు. ఆ వారమంతా నాకు అన్నం రుచిగా ఉంది.

మార్చి ఏడున పెద్దాయన వచ్చి, నేను చూడని ఆ ఆరు చోట్ల మంచి కలపనిచ్చే ఏగిశ మాన్లు పోతున్నాయని చెప్పాడు. మిత్రుడూ నేనూ కలిసి ఆ ఆరు చోట్లకూ నడిచాం. మొద్దులమీద మట్టి, ఎండుటాకులు కప్పి ఉన్నాయి. ఏగిశను కొడితే నెత్తురువంటి జిగురు కారుతుంది. జిగురు నల్లగా ఎండిన మొద్దులు నా నివేదికకు ముందువి; ఇంకా వేలికి అంటుకునేవి తరువాతివి. అది అతనికి నేనే నేర్పవలసి వచ్చింది.

"ఏం రాద్దామన్నా?" అని మెల్లగా అడిగాడు. ఆరు చోట్లా నేను నడవలేదని రాసి సంతకం చేశాను.

పోయినవి: నివేదికకు ముందు ఏగిశలు ఆరు, తరువాత పదకొండు. ఆ ఆరు చోట్లా కలిపి మిగిలినవి: ఏడు.