శనివారం దెబ్బ ఎవరికి?

2023 వేసవి. అనంతపురంలో మా అద్దె ఇంటి ముందు గదిలో కూర్చుని, హైదరాబాద్‌లోని ఒక ఛానెల్‌కు డైలీ సీరియల్ రాస్తున్నాను. ధర్మవరం పట్టుచీరలు నేసే ఒక కుటుంబం కథ. సోమవారం నుంచి శనివారం దాకా వారానికి ఆరు ఎపిసోడ్లు. వీధిలోకి నీళ్ల ట్యాంకర్ వస్తే బిందెలు పట్టుకుని పరుగెత్తి, తిరిగొచ్చి మళ్లీ పాత్రల కన్నీళ్లు రాసేవాణ్ణి.

రోజూ వచ్చే సీరియల్‌ను ఒక్క కథతో లాగలేం. అందుకని రెండు మూడు కథలు పక్కపక్కన నడుపుతాం. ఒక్కోదాన్ని ట్రాక్ అంటాం. నా సీరియల్లో మూడు ఉండేవి. ఇంటి చీర డిజైన్‌ను బయటివాళ్లకు ఇచ్చిందని నింద మోస్తున్న పెద్దకోడలు యశోద మొదటిది. కళ్యాణదుర్గం దగ్గర పొలంలో బోరు మీద బోరు వేయిస్తున్న చిన్నకొడుకు రెండోది. గుండెజబ్బు దాచుకున్న మామగారు మూడోది. ఏ రోజు ఏ ట్రాక్ నడవాలో గోడ మీద చార్టు గీసుకున్నాను. శనివారం చివర్లో ఎవరో ఒకరికి పెద్ద దెబ్బ తగలాలి, చూసేవాళ్లు సోమవారం దాకా ఎదురుచూడాలి. దాన్ని హుక్ అంటాం.

నేతపని నాకు తెలియదు. ధర్మవరంలో ఒక సావుకారు షెడ్డులో మగ్గం నేసే నాగరత్నమ్మను ఒక మిత్రుడు పరిచయం చేశాడు. సావుకారు అంటే పట్టు, జరీ, డిజైన్ తానే ఇచ్చి చీరలు నేయించుకునే యజమాని. వారానికోసారి ఆమెకు ఫోన్ చేసి రాసిన సీన్లు చెప్పేవాణ్ణి. ఆమె మొహమాటం లేకుండా దిద్దేది.

"అట్ల కాదన్నా. పోగు తెగితే ఎవురూ ఏడ్చుకుంటా కూచోరు. అతుక్కుంటారు, నేస్తారు."

మే నెలలో ప్రొడ్యూసర్ ఫోన్ చేశాడు. "మన శనివారం హుక్ బుధవారమే యూట్యూబ్‌లో ఉంటోంది. మూడు వారాలుగా ఇదే వరస. మీరు ఎవరికి చెబుతున్నారు? నెలలోగా ఆగకపోతే రైటర్‌ను మార్చమంటోంది ఛానెల్."

ఆయన పంపిన వీడియోలు చూశాను. ముఖం కనిపించని ఒక అమ్మాయి, రాబోయే శనివారం ఎవరికి దెబ్బ తగులుతుందో చూసొచ్చినట్టు చెబుతోంది. మూడూ నిజమయ్యాయి. ఆ గొంతు వెనక ఆగకుండా మగ్గం చప్పుడు వినిపిస్తోంది. షూటింగ్‌కు ముందే నా కథ తెలిసినవాళ్లు నలుగురే. వాళ్లలో మగ్గం ఉన్నది ఒక్కరికే.

అంతే, నాకు నిద్ర పట్టలేదు. ఎప్పుడో నాగరత్నమ్మ "తర్వాత ఏమైతాదన్నా?" అని అడిగిన మాట గుర్తొచ్చింది. మొన్న ఫోన్లో కాసేపు మౌనంగా ఉన్నదీ గుర్తొచ్చింది. సాటి మనిషి మౌనం వెనక కుట్ర వెతకడం మా వృత్తి జబ్బు. రోజంతా అదే రాస్తాం కదా!

వల వేద్దామనుకున్నాను. ఆ వారం అసలు హుక్ చిన్నకొడుకుది. బోరులో నీళ్లు పడిన క్షణంలోనే ఆ పొలం తమది కాదని తెలుస్తుంది. నాగరత్నమ్మకు మాత్రం, "ఈ శనివారం మామగారు కుప్పకూలిపోతారక్కా" అని అబద్ధం చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆగి "సరేలేన్నా" అంది.

బుధవారం వీడియో వచ్చింది. "ఈ శనివారం దెబ్బ బోరు పిల్లోనికే!" అంది ఆ గొంతు.

బుద్ధి ఉన్నవాడైతే, నాగరత్నమ్మ చెప్పి ఉంటే మామగారి పేరు వచ్చేది కదా అనుకుని ఊరుకునేవాడు. నేను అలా అనుకోలేదు. నా అబద్ధాన్ని ఆమె పసిగట్టిందని, ఆఫీసులో ఆమెకు ఇంకెవరో తోడున్నారని తేల్చుకున్నాను. అనుమానం తలకెక్కాక ఆధారం ఎటు చూపినా ఒకటే.

మరునాడే ధర్మవరం బస్సెక్కాను. షెడ్డులో ఎనిమిది మగ్గాలు ఆడుతున్నాయి. గుమ్మం దగ్గర సావుకారు జరీ చూసుకుంటున్నాడు. ఆ చప్పుడు మీద వినిపించాలని గట్టిగా అన్నాను.

"ఏమక్కా, నమ్మి చెబితే నా డిజైన్‌ను యూట్యూబ్‌లో బయటికిచ్చేస్తావా?"

ఒక్కొక్క మగ్గం ఆగిపోయింది. డిజైన్ అని నేనన్నది నా కథను. కానీ ఆ ఊళ్లో ఒక నేతమనిషిని అనకూడని మాట అది. డిజైన్ బయటికిచ్చిందని పేరు పడితే ఏ షెడ్డులోనూ ఆమెకు మగ్గం దొరకదు. ఆ సంగతి నాకు చెప్పింది నాగరత్నమ్మే. దాని మీదే యశోద ట్రాక్ అంతా కట్టాను.

సావుకారు లేచి వచ్చాడు. "ఏందమ్మా, సారు చెప్పేది? నా డిజైన్లు గూడా ఇట్లే పోతాండాయా? ఈ పడుగు అయిపోయినాక నీకు ఈడ కొత్త పడుగు లేదు." పడుగంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, అది లేకపోతే పని లేనట్టే.

పక్క మగ్గం మీది అమ్మాయి చటుక్కున లేచింది. "ఆ వీడియోలు నావి సార్. నా పేరు భాగ్య. దాచిందేముంది? అక్క పేరు ఎందుకు తీస్తారు?"

నాగరత్నమ్మ ఏడవలేదు. కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంటలోంచి లేచి, ఒక గళ్ల కాగితం తెచ్చి నా ముందు పరిచింది. చీర డిజైన్ గీసుకునే గ్రాఫ్ అది. ఒక్కో వరుస ఒక్కో వారం, వరుసకు ఆరు గళ్లు. యశోదకు ఎరుపు, బోరుకు నీలం, మామగారికి పసుపు. నాలుగు నెలల నా సీరియల్ అంతా ఆ కాగితం మీద ఉంది. మా ఇంటి గోడ మీది చార్టే, నాకన్నా శుభ్రంగా గీసింది.

"చూడన్నా. మూడు వారాలకొకసారి అదే తిరుక్కోని వస్తాండాది, అంచులో పువ్వు మాదిరి. వారం మొదట్లో ఎవురు తక్కువ కనపడితే శనివారం దెబ్బ వాళ్లకే. మంగళవారం ఎవురన్నా నవ్వుకుంటా అన్నం తింటే ఇంగ వాళ్ల పని అయిపోయినట్లే. మేం పొద్దంతా లెక్కపెట్టేదే గదా పని."

"మామగారు పడిపోతారని నేను చెప్పింది భాగ్యకు చెప్పలేదా?"

"నువ్వు నాకు చెప్పింది ఇంగొకరికి ఎట్ల చెప్తా? అది నీ డిజైన్ గదా. లెక్క ప్రకారం అది తప్పని తెలుసు. పాపం, మూడు కథలు మోసి మోసి మర్సిపోయినాడేమో అనుకుంటి."

సిగ్గుతో ఒక అడుగు వెనక్కి వేశాను. ఆమె మాత్రం ఆగలేదు.

"యశోద మింద నింద వేసిన దినం ఈ షెడ్డులో అందరమూ ఏడ్చినాం. ఆయమ్మ నింద పోయేకి నువ్వు ఇంగా వంద దినాలు తీసుకుంటావు. నాకు ఈ పడుగు అయ్యే వరకే టైం ఉండాది."

ఏ గొంతుతో నింద వేశానో అదే గొంతుతో, అందరూ వినేలా సావుకారుకు చెప్పాను. తప్పు నాదన్నాను, ఆమె నా మాట ఒక్కటి కూడా బయటపెట్టలేదన్నాను, క్షమించమన్నాను. ఆయన గ్రాఫ్ కాగితం వంక చాలాసేపు చూశాడు. "డిజైన్ యాడికీ పోలేదు సార్. మీరే నాలుగు నెలలు ఒకే డిజైన్ నేసినారు" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. నేను కదల్లేదు. "నాగరత్నా, సోమవారం కొత్త పడుగు ఎక్కించుకో" అని ఆయన నోటితో అన్నాకే బస్టాండుకు వెళ్లాను.

ప్రొడ్యూసర్‌కు అంతా చెప్పి గోడ మీది చార్టు చింపేశాను. ఛానెల్ వద్దంటున్నా పట్టుబట్టి, దీపావళి దాకా లాగాల్సిన యశోద నిందను మరుసటి వారమే, అదీ ఒక మామూలు మంగళవారం తీసేశాను. వరుస చెదిరి, ఆ శనివారం భాగ్య జోస్యం మొదటిసారి తప్పింది. నా ఉద్యోగం నిలబడింది.

ఎన్ని ట్రాకులు నడిపినా వాటి మధ్య వరుస ఒకటే అయితే చూసేవాళ్లు పట్టేస్తారని ఆ గొడవ నాకు నేర్పింది. కొత్తగా వచ్చే రైటర్లకు ఇదే చెబుతాను. సాటి మనిషిని అనుమానించడం గురించి నేర్చుకున్న రెండోది మాత్రం వాళ్లకు చెప్పడానికి నోరు రాదు.

ఇప్పటికీ నేతపనిలో సందేహం వస్తే నాగరత్నమ్మకే ఫోన్ చేస్తాను. విసుక్కోదు, అడిగినవన్నీ చెబుతుంది. కాకపోతే నా గొంతు వినగానే ముందు స్పీకర్ పెడుతుంది. "మగ్గాలు ఆపండి, సారు మాట్లాడతాండాడు" అని అందరినీ కేకేస్తుంది. ఒకసారి ఎందుకక్కా అని అడిగాను.

"ఒక్కదాన్నే వింటే నింద నా ఒక్కదాని మిందే పడ్తాది గదన్నా," అంది. "ఇంగ చెప్పు, అందరమూ వింటాండాం."