ప్రణామం చెయ్యనన్న పిల్ల

ఆ ఆదివారం శిక్షణకి నేను వెళ్ళింది వెక్కిరించడానికే. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మిగిలింది చెప్పడం కాస్త తేలికవుతుందేమోనని ఆశ.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కలకత్తా పక్కన లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. నేను ఇక్కడే పుట్టాను. మా తెలుగువాళ్ళ సంఘానికి ఒక హాలు ఉంది. అందులో ఆదివారాలు పిల్లలకి తెలుగు, పాటలు, కోలాటం నేర్పుతాను. జీతం లేదు గానీ పెత్తనం ఉంది. నాకు అదే ఎక్కువ నచ్చేది. పిల్లలు నన్ను పిన్నీ అంటారు. వాళ్ళ అమ్మలకి నేనంటే కొంచెం భయం, ఆ భయం నాకు మహా ఇష్టం.

ఈ ఏడాది మా పిల్లల్ని వేరే బాలబృందాలతో కలిపి నాలుగు రోజుల శిబిరానికి పంపాలనుకున్నాం. వెంట వచ్చే పెద్దలందరూ పిల్లల రక్షణ మీద శిక్షణ తీసుకోవాలని శిబిరం వాళ్ళు షరతు పెట్టారు. శిక్షణ ఇవ్వడానికి న్యూ టౌన్ నుంచి క్యాబ్‌లో ఒక అమ్మాయి దిగింది. హైదరాబాద్ పిల్ల, ముప్పై ఉంటాయేమో.

"మన పిల్లల్ని ఎలగ చూసుకోవాలో ఈవిడొచ్చి చెప్పాలేటి?" అని పక్కావిడ చెవిలో అన్నాను. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ముందు వరసలో మా సంఘం పెద్దాయన కూర్చున్నారు. అరవై దాటినా మనిషి నిటారుగా ఉంటారు. కోలాటం కర్రలు తెప్పించడం దగ్గర్నుంచి బస్సు మాట్లాడడం దాకా అన్నీ ఆయనే చూస్తారు. పిల్లలందరికీ ఆయన మావయ్య. శిబిరానికి పిల్లలతో బస్సులో వెళ్ళేవాళ్ళలో మొదటి పేరు ఆయనదే. అప్పటికి ప్రయాణం ఇంకా పది రోజులుంది.

ఆ అమ్మాయి బోర్డు ముందు నిలబడి నెమ్మదిగా చెప్పింది. "హత్తుకోవడం, ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం, కాళ్ళకి దండం పెట్టించడం, ఏదైనా సరే. పిల్ల వద్దంటే అక్కడికి ఆపేయాలె. మర్యాద లేదని తిట్టొద్దు. ఎందుకు వద్దంటున్నదో ఆలోచించాలె."

నాకు నోరు ఊరుకోదు. లేచాను.

"అయితే అమ్మా, పెద్దోళ్ళకి దండమెట్టమనడం కూడా తప్పేనేటి? ఇలగైతే రేప్పొద్దున్న మా పిల్లలు మమ్మల్నే ఎవులు మీరని అడుగుతారు!"

హాలంతా నవ్వింది. పెద్దాయన వెనక్కి తిరిగి నావైపు చూసి, "బాగా అడిగినావమ్మా. నువ్వున్నావు గనకే ఈ పిల్లలకి పెద్దా చిన్నా తెలిసినాది," అన్నారు.

నా ముఖాన నవ్వు అలాగే ఉండిపోయింది. ఈ మెచ్చుకోలు నేను అంతకు ముందు ఒకసారి విన్నాను. ఇదే హాల్లో, ఇదే మనిషి నోట, దాదాపు ఇవే మాటల్లో.

ఎనిమిదేళ్ళ కిందటి సంగతి. ఇక్కడ దసరా అయ్యాక విజయ అని ఒక ముచ్చట ఉంటుంది. అమ్మవారిని నీళ్ళలో కలిపి వచ్చాక చిన్నవాళ్ళు పెద్దల కాళ్ళకి ప్రణామం చేస్తారు, పెద్దలు దగ్గరికి తీసుకుని మిఠాయి పెడతారు. బెంగాలీలు దాన్ని ఇళ్ళకి వెళ్ళి తీరిగ్గా చేసుకుంటారు. మేం దాన్ని తెచ్చుకుని కవాతు చేశాం. హాల్లో పెద్దలందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి, పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఒక్కొక్క కుర్చీ దగ్గరా వంచుతాం. ఏ పిల్లా ఏ కుర్చీనీ దాటెయ్యకుండా చూసే పని నాది. నేనే అడిగి మరీ తీసుకున్నాను.

ఆ ఏడు వరసలో పదకొండేళ్ళ పిల్ల ఒకతి ఉండేది. వాళ్ళ నాన్న గూడ్స్ యార్డులో పనిచేసేవాడు. దాని వెనకాలే చెల్లెలు, ఇంకా పలక వయసు. ఆ పిల్ల అందరికీ వంగి వంగి దండాలు పెట్టుకుంటూ వచ్చి పెద్దాయన కుర్చీకి నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది.

"నేనెల్ను పిన్నీ," అంది. గట్టిగా కూడా కాదు, నాకొక్కదానికే వినబడేలా.

"ఏటే, ఎందుకెల్వు?"

అది ప్రశ్న కాదు, కసురు. అది కసురేనని ఆ పిల్లకీ తెలుసు. నా ముఖంలోకి ఒకసారి చూసి కళ్ళు దించుకుంది. "అందరికీ ఎట్టీసాను గదా. ఈ మావయ్యకొద్దు."

వరస ఆగింది. అమ్మలు చూస్తున్నారు. నాకు కనబడింది అంతే. నలుగురిలో నా మాట చెల్లకుండా పోతోంది, నా పెంపకం మీద మచ్చ పడుతోంది. ఆ పిల్ల ముఖంలో ఏముందో నేను చూడలేదు, చూసే తీరిక లేదు. చెయ్యి పట్టుకుని ఆ నాలుగడుగులూ లాక్కెళ్ళి, మెడ మీద చెయ్యేసి వంచాను. ఆయన దాన్ని దగ్గరికి లాక్కుని కొబ్బరి ఉండ నోట్లో పెట్టి, నావైపు చూసి మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను. వరస మళ్ళీ కదిలింది.

రెండు నెలలు తిరక్కుండానే ఆ పిల్లలు క్లాసుకి రావడం మానేశారు. షాలిమార్ వైపు ఇల్లు మారారన్నారు. అంత దూరం నుంచి ఎవరొస్తారులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, పొగరుబోతు పిల్ల పీడ వదిలిందని కూడా అనుకున్నాను.

శిక్షణ చివర్లో ఆ అమ్మాయి అడిగింది. "మీలో ఎవరికన్నా ఇట్లాంటిది గుర్తొస్తున్నదా? పేర్లు వద్దు. ఊరికే చెప్పండి."

ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఎక్కడ నోరు మూసుకోవాలో అక్కడ తెరుస్తానని మా ఆయన ఎప్పుడూ దెప్పుతారు. తెరవాల్సిన చోట మూసుకోగలనని ఆరోజు నాకే తెలిసింది. ముందు వరసలో ఆ నిటారు వీపు కనబడుతుంటే నా నాలుక పైకి లేవలేదు. ఎనిమిదేళ్ళ కిందట నాకు తెలీదని చెప్పుకోవచ్చు. ఆ ఆదివారం తెలుసు. అందుకే ఇప్పటికీ ఆ మౌనానికే ఎక్కువ సిగ్గుపడతాను.

ఆ అమ్మాయి గేటు దగ్గర క్యాబ్ కోసం నిలబడి ఉంటే వెళ్ళి చెప్పాను. చెప్పడం కూడా తిన్నగా చెప్పలేదు. "నాకేటీ తెలీదమ్మా, ఆ పిల్ల కూడా ఏటీ చెప్పలేదు," అని మొదలుపెట్టాను.

అంతా విని ఆమె, "చెప్పింది కదా ఆంటీ. వెళ్ళనన్నది," అంది.

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, అదే మంచిదయింది. "ఆయన ఏం చేసిండో తేల్చడం మీ పని కాదు. దానికి వేరేవాళ్ళున్నరు. ఆ పాప దగ్గరికి పోయి ప్రశ్నలు అడగొద్దు. మీరు చూసింది, మీరు చేసింది రాసివ్వండి. ఈరోజే. బస్సు కదలక ముందే ఇది అందాలె," అని చెప్పి వెళ్ళింది.

ఇంటికొచ్చి కాయితం ముందేసుకున్నాను. 'ఇష్టం లేకపోయినా ఆ బాలిక చేత ప్రణామం చేయించడం జరిగింది' అని రాశాను. చదివి చూసుకుంటే ఎవరో దారినపోయేవాళ్ళు చేయించినట్టుంది. చింపేశాను. రెండోదాంట్లో ఆయన గురించి నిండా రాసి, నా గురించి ఒక్క ముక్క రాశాను. అదీ చింపాను. మూడోసారి, వెళ్ళనన్న పిల్లని నేనే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళానని, నేనే మెడ వంచానని, ఆ తర్వాత వరస మళ్ళీ కదిలిందని రాసి సంతకం పెట్టాను. పది వాక్యాల కాయితం. అన్నం వండడం కూడా మరిచిపోయాను.

ఆ కాయితం చేరవలసిన చోటికి చేరింది. విచారణ తేలేదాకా పిల్లలున్న చోటికి రావద్దని సంఘం ఆయనకి చెప్పింది. బస్సు ఆయన లేకుండానే వెళ్ళింది. దేవుడిలాంటి మనిషి మీద బురద జల్లానని కొందరు నాతో మాట్లాడడం మానేశారు. వాళ్ళని ఏమనగలను? ఎనిమిదేళ్ళ కిందట నేనూ వాళ్ళలో ఒకదాన్నే.

ఆ పిల్ల ఇంటివాళ్ళతో విచారించేవాళ్ళే మాట్లాడారు. నేను వెళ్ళలేదు, వెళ్ళకూడదన్నారు. కొన్నాళ్ళకి ఆ పిల్లే నాకు ఫోన్ చేసింది. ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. గొంతు మారింది, పిలుపు మారలేదు.

"పిన్నీ, నేను."

నేను క్షమాపణ మాటలు అన్నాళ్ళుగా కూడబెట్టుకుని ఉన్నాను. "అమ్మా, నన్ను..." అనేసరికే ఆపేసింది.

"మీరు నా చెయ్యట్టుకుని లాగీనారని కాయితంలో రాసినారంట. నిజిమేనా?"

"నిజమేనమ్మా. రాశాను."

"ఏ చెయ్యో రాసినారా?"

రాయలేదు. నాకు గుర్తు లేదు. ఆ మాటే చెప్పాను.

 ఆ పిల్ల చాలా మామూలుగా, కోపం లేకుండా చెప్పింది.

"కుడి చెయ్యి. ఎడం చేత్తో చెల్లిని నా ఎనకాతల అట్టుకుని ఉన్నాను. మీరు లాగీసరికి దాన్ని ఒగ్గీసినాను. నా తర్వాత వరసలో అదే గదా, పిన్నీ."

మర్నాడు పొద్దున్నే విచారించేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వరస మళ్ళీ కదిలిందని రాసిన చోట రెండో పిల్లని కూడా రాసి వచ్చాను.