మూడు నెలల నోటీసు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. తెనాలి నుంచి వచ్చి చంపాపేట్‌లో అద్దెకుండేవాళ్లం. రాష్ట్రం విడిపోతే మాలాంటివాళ్ల అద్దె అగ్రిమెంట్లు చెల్లవని మావారి ఆఫీసులో ఎవరో అన్నారు. భయపడి ఊరికి వెళ్లిపోదామనుకున్నాం. ఖాళీ చేయాలంటే మూడు నెలల ముందు చెప్పాలని అగ్రిమెంటులో ఉంది. ఆదివారం బడిలో పిల్లలకు బైబిలు చెప్పే నేనే ఇంటి యజమాని యాదగిరి గారితో, "మా మామగారికి సీరియస్‌గా ఉందండీ, ఈరోజే వెళ్లిపోవాలి" అని అబద్ధమాడాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో తన చీరల దుకాణం మూసి ఆయన ధర్నాకు బయలుదేరుతున్నారు. "కాగితం సంగతి ఇడిసిపెట్టమ్మా. ఇయ్యాల బంద్, తొవ్వల ఆపుతరు. నేనొస్త" అని మా కారెక్కారు.

పెద్ద అంబర్‌పేట్ దగ్గర జనం రోడ్డుకడ్డంగా కూర్చున్నారు. "వీళ్ల మామకు పానం బాగలేదు, జర తొవ్వియ్యుండ్రి" అని ఆయన అడగగానే అందరూ లేచారు. ఒక పెద్దావిడ కిటికీలోంచి నా తల నిమిరి, "ఏం గాదు బిడ్డా, మంచిగయితడు" అంది.

ఆ చేతికి నేను తట్టుకోలేకపోయాను. కొంచెం దూరంలో కారు ఆపించి, ఏడుస్తూ నిజం చెప్పేశాను.

యాదగిరి గారు, "రాష్ట్రమొచ్చినా నా సంతకం నాదే గదమ్మా. భయమైతే ఒక్క మాట చెప్పొద్దా?" అన్నారు.

కారు వెనక్కి తిప్పాం. మళ్లీ అదే జనం ఆపి, ఏమైందని అడిగారు. నేను తల దించుకున్నాను. "ఫోనొచ్చింది, నయమైందట" అన్నారాయన.

ఆ అబద్ధం ఆయనది కాదు, నాదేనని ప్రభువుకు ఇప్పటికీ ప్రార్థనలో చెప్పుకుంటాను.