ఒంటిగంట రీస్టార్ట్

బందరులో ఒక బ్లడ్ బ్యాంకుకు నేను రాసిచ్చిన సాఫ్ట్‌వేర్ ఏడాదిగా ఒక్కసారి కూడా ఆగలేదని గుడివాడంతా చెప్పుకు తిరిగేవాణ్ణి. కళ్లు నెత్తికెక్కడమంటే అదే.

ఓ సోమవారం అక్కడికి వెళ్తే, కంప్యూటర్ చూసుకునే ఆవిడ ఒంటిగంటకు క్యారేజీ విప్పబోతూ సర్వర్ ఆపి మళ్లీ ఆన్ చేసింది. రోజూ అంతేనట!

"మధ్యాహ్నానికి బరువెక్కుద్దండీ. ఓసారి ఆపితే తేలికపడుద్ది."

నాకు ఒళ్లు మండింది. "అది డేటాబేస్ సర్వరండీ, మిక్సీ కాదు! ఏళ్ల తరబడి ఆగకుండా నడవాలి. స్విచ్చి జోలికి కూడా వెళ్లకండి, డేటా పోతుంది," అని సర్వర్ ఆపడానికి వాడే పాస్‌వర్డ్ మార్చేసి మరీ వచ్చాను.

గురువారం వేరే పనిమీద బందరు బస్సెక్కాను. గుడ్లవల్లేరు దాటాక సంచీలోంచి ఫోన్ తీస్తే పదకొండు మిస్డ్ కాల్స్, అన్నీ ఆవిడవే. వెంటనే తిరిగి చేశాను.

"ఏంటండీ, అరగంట నుంచీ చేస్తన్నాను! నాగాయలంక బాలింతండీ, రక్తం ఆగట్లేదంట. ఫ్రిజ్ నిండా రక్తం సంచులున్నాయి, ఏది పరీక్షయిందో కంప్యూటర్లోనే ఉంది. అదేమో తెరుచుకోట్లేదు!"

"ఆపి ఆన్ చేయండి!"

"పాస్‌వర్డ్ మార్చేశారుగా!"

బస్సంతా వినేలా ఒక్కో అక్షరం అరిచి చెప్పాను. "తెరమీద చక్రం తిరుగుతోందండీ..." అంటుండగానే ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే తియ్యదు. కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన, "ఏం బాబూ, కడుపులో బాలేదా?" అన్నాడు. ఆ డ్రైవరేమో ఎత్తిన ప్రతి చెయ్యికీ బస్సు ఆపుతున్నాడు. ఇంతకు ముందెప్పుడూ ఒక మనిషి ప్రాణం కోసం నేను అలా కొట్టుకోలేదు.

నేను వెళ్లేసరికి ఆవిడ అన్నం తింటోంది. "సంచి వెళ్లిందండీ. గట్టెక్కిందంట."

చెమట కూడా తుడుచుకోకుండా సర్వర్ ముందు కూర్చున్నాను. ఒక ప్రోగ్రామ్ ఒకేసారి ఇన్ని ఫైళ్లే తెరిచి ఉంచాలని మిషను హద్దు పెడుతుంది. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లలో ఎవరినైనా పనికిరారని వెనక్కి పంపితే, వాళ్ల ఫైలు నా ప్రోగ్రామ్ తెరిచేది, మూసేది కాదు. అలా రోజుకు కొన్ని పేరుకుని, ఆపకుండా వదిలేసిన ఈ మూడు రోజుల్లో హద్దు నిండిపోయింది. ఏడాదిపాటు ఆవిడ ఒంటిగంటకు ఆపి, అన్నిటినీ ఒకేసారి మూయిస్తూ వచ్చింది. నేనేమో నా గొప్పనుకున్నాను. మూసే ముక్క ఒక్క లైను, రాయడానికి నిమిషం పట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం ఆ బాలింత భర్త వచ్చాడు. చేపల వేటకు వెళ్లే మనిషి, అరచేతులు తాళ్లకు ఒరుసుకుని గరుగ్గా ఉన్నాయి. ఆవిడ నావైపు చూపించి, "ఈ సారేనండీ, బస్సులోంచే బాగుచేశారు," అంది. మాటలో వెటకారం లేదు.

అతను నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాడు. "తమరు లేకపోతే ఏమైపోయేదో అండీ!"

నేను లేకపోతే ఆవిడ ఎప్పట్లాగే ఒంటిగంటకు ఆపి ఆన్ చేసేది, అతని భార్యకు అడగ్గానే రక్తం అందేది. ఆ మాట అతనికి చెప్పలేదు. చేతులు కూడా వెనక్కి తీసుకోలేదు.