లారీ ముక్కుకు కట్టిన కోక

ఆ రోజుల్లో సాలూరులో ఇంటికో లారీ లేకపోయినా ఇంటికో లారీ డాక్టరు ఉండేవాడు. మా అక్క మొగుడు ఆ రెండో రకం. బండి షావుకారుది, స్టీరింగు బావది, సలహాలు ఊరందరివీ. నేను పి.యు.సి. తప్పి అక్క చేతి కూడు తింటూ, అప్పుడప్పుడు బండిలో తోడు వెళ్లేవాణ్ణి.

ఎవరో చెప్పారని బావ విశాఖపట్నం పాత సామాన్ల కొట్లో మిలిటరీ బండిది, ఇంజనుకి గాలి వడగట్టే ఎయిర్ క్లీనరొకటి సంపాదించాడు. కాగంత ఉంది. బండితో వచ్చిన చిన్నదాన్ని పీకేసి దీన్ని బానెట్ కింద బిగించాడు.

"ఎంత గాలి పీలిస్తే అంత బలంరా," అన్నాడు.

బొబ్బిలి రోడ్డు మీద బండి నిజంగానే ఎగిరింది. ఒరిస్సా వైపు ఘాటీలో మాత్రం సగం కొండ ఎక్కి కూలబడింది. మళ్లీ వెళ్తే మళ్లీ కూలబడింది. షావుకారు ఇంటికే వచ్చి చెప్పాడు: "ఇంకోపాలి ఆగిందంటే తాళం నా సేతికిచ్చీ. డ్రైవర్లకేటి, బోల్డుమంది ఉన్నారు."

బావకి ఆ స్టీరింగు తప్ప లోకంలో మరో పని తెలియదు. ఆ పూట కంచం ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"పులుసులో ఉప్పు సరిపోయినాది బావా, ఇంక సాలు," అన్నాను. అక్క గరిటె నా వైపు తిరిగింది.

కారణం బానెట్ ఎత్తితే కనబడింది. ఆ క్లీనరుకి బిగించిన, గాలి పీల్చే కొత్త గొట్టం పొగగొట్టాన్ని ఆనుకుని పోతోంది. మైదానంలో ఎదురుగాలి తగిలి సరిపోయేది. కొండ మీద బండి నత్తలా నడిచేటప్పుడు ఇంజను తన సెగ తానే పీల్చుకుని సొమ్మసిల్లేది. గొట్టం ఎంత వేడెక్కుతోందో బావ చేత్తో పట్టుకుని చూశాడు. విషయం తెలిసింది, బొబ్బా ఎక్కింది.

"నోట్లో పొయ్యెట్టుకుని కొండెక్కమంటే నువ్వెక్కుతావేటి?" అంది అక్క.

అని ఊరుకోలేదు. పొయ్యి మెత్తే ఎర్రమట్టి, ఊక, గోగునార తెచ్చింది. గొట్టానికి నార బిగించి చుట్టి, ఊక కలిపిన మట్టి మెత్తింది. ఎండాక అది రాలకుండా పైన గోనెపట్టా కుట్టింది. బావ కిరసనాయిలు డబ్బా కత్తిరించి రెండు గొట్టాలకీ మధ్య రేకు అడ్డం పెట్టాడు. గాలిగొట్టం మూతిని బండి ముందున్న ఇనప జాలీ దాకా లాగి బయటి గాలికి తెరిచాడు. నేను రేకు పట్టుకున్నాను, జోకులు వేశాను. రెండో పనికే తిట్లు ఎక్కువ పడ్డాయి.

మర్నాడు ఉప్పు బస్తాల లోడు. షావుకారు తానే వచ్చి కాబిన్‌లో కూర్చున్నాడు.

ఘాటీ మొదట్లో అమ్మవారి గుడి దగ్గర ప్రతి బండీ ఆగాల్సిందే. ఒక కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు, అంతే. ఆ రోజు బావకి భయం ఎంత ఉందో భక్తీ అంత పొంగింది. పూజారిని బతిమాలి అమ్మవారికి కట్టిన ఎర్రకోక తెచ్చి జాలీకి అడ్డంగా బిగించాడు. దాని మీద దట్టంగా వేపమండలు. మా లారీ జాతరకు బయల్దేరిన పేరంటాలిలా ఉంది.

కొన్ని మలుపులు బాగానే ఎక్కింది. తర్వాత దగ్గింది. ఆ తర్వాత ఆగింది.

షావుకారు తాళం కోసం చెయ్యి చాపాడు. బావ కళ్లు ఆ చేతి మీదే ఉన్నాయి.

నేను దిగి చక్రాలకి రాళ్లు పెట్టి, "ఒక్కసారి స్టార్టు సెయ్ బావా," అని ముందుకెళ్లాను. ఇంజను కదలగానే కోక గొట్టం మూతి దగ్గర గుంటపడి లోపలికి పోతోంది. సెగ తగలకుండా అక్క కాపాడిన ముక్కులో బావ గుడ్డలు కుక్కాడు.

"బావా, కోక ఇప్పీ."

"ఒరే, నోరు కడుక్కో! అమ్మోరి కోక దార్లో ఇప్పుతారేట్రా?"

"తప్పు, తప్పు," అన్నాడు షావుకారు కూడా. మనిషి ఉద్యోగం తీయడానికి వెనకాడనివాడు కోక తీయడానికి లెంపలేసుకున్నాడు.

"తీసీమన్లేదు బాబూ. ఇంజను పక్కన ఉక్కలో అమ్మోర్ని కూకోబెట్టినారు. ఆవిడికి గాలాడొద్దేటి? పైన కూకోబెడితే కొండగాలి తగుల్తాది."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. షావుకారే చెప్పులు విడిచి, బంపరెక్కి ముడులు విప్పాడు. కోకా మండలూ కాబిన్ నెత్తికెక్కాయి.

బండి కొండెక్కింది. నెమ్మదిగానే, కానీ ఎక్కడా ఆగలేదు. పైన టీ బడ్డీ దగ్గర బావ తాళం తీసి చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. షావుకారు దాని వైపు చూడనైనా లేదు. "అమ్మోరికి ఉక్కపోసినాది, అంతే. రేపూ నువ్వే ఎల్లు," అన్నాడు. బావ తాళం కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు. దాని మీద మాత్రం నేను జోకు వెయ్యలేదు.

కొన్నాళ్లకి సాలూరులో చాలా లారీల నెత్తి మీద ఎర్రగుడ్డలు ఎగిరాయి. అలా కడితే ఘాటీ సులువుగా ఎక్కుతుందట! మట్టి మెత్తిన గొట్టం సంగతి ఎవరూ అడగలేదు.

ఆ బానెట్ ఎత్తితే డీజిలుతో పాటు అలికిన వంటింటి వాసన వచ్చేది. ఆ వాసన మళ్లీ ఏ బండిలోనూ నాకు తగల్లేదు. అక్క పొయ్యి మెత్తుకున్నప్పుడల్లా, మిగిలిన మట్టి చేత్తో పట్టుకుని వీధిలోకి వచ్చేది.

"బానెట్టెత్తండి," అనేది.