నోటీసు ఇవ్వని శాంపిల్

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వేసవిలో నన్ను కాలుష్య నియంత్రణ మండలి బళ్ళారి జిల్లా ఆఫీసులో నీటి కాలుష్యం చూసే విభాగానికి వేశారు. హోదా సైంటిఫిక్ ఆఫీసర్. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళుంది. నేను పుట్టి పెరిగింది బళ్ళారి బజారులోనే, మా నాయనది కిరాణా అంగడి. కెమిస్ట్రీ చదివి మురికి కాలవల్లో సీసాలు ముంచే ఉద్యోగమేమిటని మా అన్నలు చివరిదాకా ఎగతాళి చేశారు. చేసుకోనీ అనుకున్నాను. ముంచుతూనే ఉన్నాను.

చేరిన పది రోజులకే హనుమక్క వచ్చింది. రూపనగుడి వైపు పోయే రోడ్డు పక్కన ఒక పల్లె ఆమెది, పేరు రాయను. భర్త పోయాక ఉన్న ఎకరా చేసుకుంటూ, మిగతా రోజులు కూలికి పోయే మనిషి. ప్లాస్టిక్ సీసా ఒకటి తెచ్చి నా టేబుల్ మీద ఠప్పున పెట్టింది. లోపల లేత నీలం నీళ్ళు.

"ఇవి మా బోరు నీళ్ళు మేడమ్మా. ఒక గుటక తాగు, చూద్దాం" అంది.

ఆ ఒక్క బోరు తప్ప ఆమెకూ, పక్కనున్న ఐదిళ్ళకూ వేరే నీళ్ళు లేవు. బోరుకు ఎగువన వంక ఉంది. వంక గట్టున జీన్సు బట్టలు ఉతికి రంగు దించే యూనిట్ ఉంది. వాడిన నీళ్ళను శుభ్రం చేసే ప్లాంటు కాగితాల మీద బ్రహ్మాండంగా ఉండేది.

ముందు బోరు నీళ్ళు తీశాను. దీనికీ ఒక పద్ధతుంది. మోటరు వేసి, పైపులో నిలిచిన పాత నీళ్ళన్నీ పోయి, నీళ్ళలో కరిగిన లవణాలు చూపే మీటరులో అంకె కదలకుండా నిలబడేదాకా వదలాలి. ఆ నీళ్ళతోనే సీసాను మూడుసార్లు తొలిచి నింపాలి. ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చాలి. ఫలితం నేననుకున్నట్టే వచ్చింది: తాగడానికి పనికిరావు.

కానీ బోరు చెడిందంటే సరిపోదు, ఎవరు చెడగొట్టారో తేల్చాలి. దానికి యూనిట్ నీళ్ళు బయటపడే చోట, అంటే అవుట్‌లెట్ దగ్గర, లీగల్ శాంపిల్ తీయాలి. మామూలు శాంపిల్ మా సమాచారం కోసం, లీగల్ శాంపిల్ కోర్టు కోసం. తీసేటప్పుడే యూనిట్ వాళ్ళ చేతికి నోటీసు ఇవ్వాలి. వాళ్ళడిగితే నీళ్ళను రెండు భాగాలు చేసి, రెండు సీసాలకూ లక్కతో సీలు వేసి, ఇరువైపులా సంతకాలు చేయాలి.

నేను తప్పు చేసింది ఇక్కడే. మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, కాఫీ తెప్పించాడు. ఓనరు రేపొస్తారనీ, నోటీసు ఆయనే తీసుకుంటారనీ చెప్పి "స్వల్ప అడ్జస్ట్ మాడ్కొళ్ళి మేడం" అని కన్నడంలో కాస్త సర్దుకోమన్నాడు. నేను అడ్జస్టయ్యాను, నోటీసు ఇవ్వకుండానే శాంపిల్ తీశాను! అంత సర్వీసు పెట్టుకుని బుద్ధి గడ్డి తిన్నది. రిపోర్టులో అన్నీ పరిమితి దాటే ఉన్నాయి. అయితేనేం? వాళ్ళ లాయరు ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: నోటీసు ఎప్పుడిచ్చారు? విచారణలో శాంపిల్ చెల్లదన్నారు. ఇందులో నెల పైన పోయింది. యూనిట్ వాళ్ళు కూడా తెలివి తెచ్చుకుని, మా జీపు వచ్చే వేళలకు మంచినీళ్ళు కలిపి వదలడం మొదలుపెట్టారు.

ఈ సంగతి హనుమక్కకు నేనే వెళ్ళి చెప్పాను. వేరేవాళ్ళ నోట వినడం కన్నా అదే మేలనిపించింది. ఆమె చేతిలోని బిందె కింద పెట్టింది.

"నువ్వు కాగితమియ్యకపోతే మేము రంగునీళ్ళు తాగల్నా? ఇంత చదువు చదివినావు, ఒక కాగితం చేతికియ్యను రాదా మేడమ్మా?"

తల కొట్టేసినట్టయింది. తిట్టడం అయ్యాక ఆమే దారి చెప్పింది. "బట్టల లారీ వచ్చిన మరుసటి పొద్దున చూడల్ల నువ్వు. వంకంతా నీలంగా వస్తాది. ఈసారి లారీ వస్తే ఫోన్ చేస్తా. రంగు ఉండంగానే వచ్చెయ్."

రెండు వారాలకు ఫోన్ వచ్చింది. మరుసటి పొద్దున ఎనిమిదింటికల్లా డ్రైవరు ఖాజా, నేను గేటు దగ్గరున్నాం. మేనేజరు ఈసారి కుర్చీ వేయలేదు. ఓనరు లేడు, నోటీసు తీసుకోను పొమ్మన్నాడు. ఐదు నిమిషాల్లో నా పై అధికారి ఫోన్. ఈరోజు శాంపిల్ వద్దు, వెనక్కి వచ్చేయమన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. గొంతు మాత్రం పెంచలేదు. "అలాగే సార్. తీయవద్దన్నారని ఒక్క లైను మెసేజ్ పెట్టండి, ఫైల్లో పెట్టుకుంటాను" అన్నాను. ఆయన తానేమీ వద్దనలేదనీ, చట్టప్రకారం చూసుకోమనీ చెప్పి ఫోన్ పెట్టేశాడు. నోటిమాట ఆజ్ఞలకు ప్రభుత్వ ఉద్యోగంలో ఇంతకు మించిన మందు లేదు.

కావాలని నోటీసు తప్పించుకుంటే ఆ సంగతి రాసుకుని, అధికారి ఒక్కరి సంతకంతోనే శాంపిల్ తీయవచ్చు. మొదటిసారి మరిచిన చట్టాన్ని ఈసారి గేటు ముందు నిలబడి గట్టిగా చదివాను. హనుమక్కా, ఆ ఐదిళ్ళ వాళ్ళూ వచ్చి నా వెనక నిలబడ్డారు.

"తీసుకోకుంటే గేటుకు అంటియ్యి మేడమ్మా. మేమంతా చూస్తాండాం, సాచ్చికం చెప్తాం" అంది హనుమక్క.

గేటుకు అంటించాను. మేనేజరు దగ్గరికొచ్చి, ఇలాగైతే ట్రాన్స్‌ఫర్ అయిపోతారని మెల్లగా చెప్పాడు.

"యాడికేసినా ఆడ కూడా నీళ్ళుంటాయి లేప్పా. నువ్వు పక్కకు జరుగు" అన్నాను.

అవుట్‌లెట్ నీళ్ళు ఇంకా వెచ్చగా ఉన్నాయి. చేతి తొడుగు మణికట్టు దాకా నీలమైంది. సీలు వేయడానికి లక్క కరిగిస్తుంటే గాలికి కొవ్వొత్తి ఆరిపోతోంది, హనుమక్క కొంగు అడ్డం పట్టింది. సీసాల మీద నా ఒక్కదాని సంతకమే పెట్టాను. ఆ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

ఈ శాంపిల్ నిలబడింది. లాయరు అడగడానికి ఏమీ మిగల్లేదు. అవుట్‌లెట్ మూయించారు, యూనిట్‌కు కరెంటు తీసేశారు. మూడు నెలలకు నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది, దూరపు జిల్లాకు. ఎవరినీ బతిమాలలేదు, వెళ్ళి చేరాను. అక్కడా సీసాలే ముంచాను.

రెండు వానాకాలాలు గడిచాక, సెలవు పెట్టి, సొంత మీటరు సంచిలో వేసుకుని హనుమక్క ఊరికి బస్సులో వెళ్ళాను. వంక తేటగా ఉంది. బోరు నీళ్ళలో రంగు పోయింది గానీ అంకె ఇంకా పరిమితి పైనే ఉంది. తాగడానికి పంచాయతీ ట్యాంకరు వస్తోంది. మీటరు చూపించి, ఇంకా తాగవద్దని చెప్పాను.

"వదిలేది మూపిచ్చినావు, సరే. లోపలికి దిగిండేది యాడికి పోతాది మేడమ్మా?" అంది.

భూమిలోకి దిగింది ఎప్పుడు పోతుందో నేనే కాదు, ఏ ల్యాబూ రోజు పెట్టి చెప్పలేదు. నా తప్పు వల్ల పోయిన ఆ నెలన్నర నీళ్ళు కూడా ఆ బోరులోనే ఉన్నాయి. అందుకే ఈ పనిలోకి వచ్చే కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. పద్ధతి తప్పి తీసిన శాంపిల్ అసలు తీయనిదాని కంటే చెడ్డది. అది అవతలివాడికి గడువునిస్తుంది, ఆ గడువును ఇంకెవరో తాగుతారు.